ఎనిమిది వేళ్ళతో నాయనమ్మ

ఈ ఉదయం 110 ఏళ్ళు బ్రతికిన ఒక యూదు నాయనమ్మను మీతో కలిసి జ్ఞాపకం చేసుకోవాలని ఉంది. ఆమె పేరు ఆలిస్ హెర్జ్ సోమర్. 1903లో ప్రాగ్ పట్టణంలో పుట్టింది, 2014లో లండనులో కన్నుమూసింది. పియానో వాయించడం, నేర్పడం ఆమె పని.

1942లో హిట్లరు మనుషులు ఆమె తల్లిని తీసుకొనిపోయారు. తల్లికి అప్పుడు 72 ఏళ్ళు. అప్పగించవలసిన చోటు వరకు ఆలిసే వెంట నడిచి వెళ్ళింది. వట్టి చేతులతో తిరిగి వస్తున్న కూతురి గుండె ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. భర్త ఓదార్చలేకపోయాడు, చిన్న కొడుకు ముఖం చూసినా దుఃఖం తీరలేదు. అప్పుడు ఆమె షోపాన్ రచించిన 24 ఎట్యూడ్లు నేర్చుకోవడం మొదలుపెట్టింది. పియానోకు అంతకంటె కష్టమైనవి అరుదు. రోజూ గంటల తరబడి సాధన చేసింది.

1943 జూలైలో వారి వంతు వచ్చింది. బయలుదేరే ముందు రాత్రి ఇరుగుపొరుగు చెక్ వారు ఇంట్లోకి వచ్చి సామాన్లు పట్టుకుపోయారు. ఆ మేడలోనే ఉండే ఒక నాజీ మాత్రం వచ్చి, మీ సంగీతానికి కృతజ్ఞతలు, మీరు క్షేమంగా తిరిగి రావాలి అన్నాడట. ఆ పొరుగువారిలో ఎందరు ఆదివారం గుడికి వెళ్ళేవారో అని నాకు అనిపిస్తుంది. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది.

వారిని తెరేజిన్ అనే కోట ఊరికి పంపారు. అక్కడికి తేబడిన యూదులు సుమారు 1,40,000 మంది. వారిలో 33,000 మంది అక్కడే చనిపోయారు. ఆకలితో ఉన్నవారి ముందు ఆలిస్ నూరుకు పైగా కచేరీలు చేసింది. ఆ 24 ఎట్యూడ్లూ అక్కడ వాయించింది. ఆరేళ్ళ కొడుకు రఫీ పిల్లల నాటకంలో పిచ్చుక వేషం వేసి పాడాడు.

1944లో భర్తను ఆష్విట్జ్‌కు పంపారు. వెళ్తూ ఆయన ఒక్కటే చెప్పాడు: దేనికీ నీ అంతట నీవు ముందుకు రావద్దు. కొద్ది రోజులకే, భర్తల దగ్గరకు పంపుతాం, రండి అన్నారు. చాలామంది భార్యలు వెళ్ళారు. ఆలిస్ వెళ్ళలేదు, బ్రతికింది. భర్త మాత్రం 1945లో దహౌలో చనిపోయాడు.

1949లో కొడుకును వెంటబెట్టుకొని ఇశ్రాయేలు చేరింది. 45 ఏళ్ళ వయసులో హెబ్రీ భాష నేర్చుకుంది, యెరూషలేములో ఏళ్ళ తరబడి సంగీతం చెప్పింది. 1986లో, ఎనభై దాటాక, కొడుకు దగ్గర ఉండాలని మళ్ళీ దేశం మారింది. 2001లో ఆ కొడుకే పోయాడు. ఆమెకు అప్పటికి దాదాపు 98 ఏళ్ళు, మిగిలింది ఇద్దరు మనుమలు. నయోమి తన్ను మారా అని పిలువమన్నది. ఆలిస్ అలా అడిగి ఉంటే ఎవరు తప్పుపట్టగలరు?

లండనులో ఒకే గది ఇల్లు. నూరేళ్ళు దాటాక రెండు వేళ్ళు మొరాయించాయి. మిగిలిన ఎనిమిదితో వాయించడం అలవాటు చేసుకుంది. రోజూ పియానో మోగుతుంటే ఇరుగుపొరుగు వినేవారు.