ఓటు హక్కు కోసం ఓటు

శాసనసభ చెయ్యని చట్టాన్ని ప్రజలే సంతకాలు పోగుచేసి, ఎన్నికల్లో ఓటుకు పెట్టించి చేసుకునే పద్ధతి మన రాజ్యాంగంలో లేదు. అమెరికాలోనూ కొన్ని రాష్ట్రాల్లోనే ఉంది. దక్షిణ డకోటా 1898లో, ఆరెగాన్ 1902లో దాన్ని తెచ్చుకున్నాయి. రైల్వే కంపెనీలు శాసనసభల్ని గుప్పిట్లో పెట్టుకున్న రోజులవి. రైతుల, కార్మికుల ఒత్తిడి లేనిదే ఈ హక్కు వచ్చేది కాదు. ఆరెగాన్‌లో స్త్రీల ఓటు హక్కు ఐదుసార్లు ఓడి, ఆరోసారి 1912లో గెలిచింది. ఆరుసార్లూ తీర్పు చెప్పినవాళ్లు పురుషులే.

ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు సాధారణంగా గెలిచిన రోజు దగ్గరే ఆగిపోతారు. మర్నాటి కథ చూడాలంటే ఫ్లోరిడాకు వెళ్లాలి.

2004లో అక్కడి ఓటర్లు 71 శాతం మద్దతుతో గంటకు 6.15 డాలర్ల కనీస వేతనం సాధించుకున్నారు. 2006లో, రాజ్యాంగ సవరణలకు ఇకపై 60 శాతం ఓట్లు రావాలన్న ప్రతిపాదనను శాసనసభ ముందుకు తెచ్చింది. అది నెగ్గింది 58 శాతం లోపు ఓట్లతోనే! ఆ గీత అప్పటికే ఉండి ఉంటే అదే ఓడిపోయేది.

తీవ్ర నేరాలకు శిక్షపడినవాళ్లు జీవితాంతం ఓటుకు దూరం కావడం ఆ రాష్ట్రంలో అంతర్యుద్ధం తర్వాతి 1868 రాజ్యాంగం నాటి నుంచీ ఉన్నదే. ఆ దెబ్బ నల్లజాతివారికి ఎక్కువ తగిలింది. 2018లో ప్రజలు 64 శాతానికి పైగా ఓట్లతో దాన్ని మార్చారు. హత్య, లైంగిక నేరాలు మినహా, శిక్ష పూర్తిచేసినవాళ్లకు ఓటు తిరిగి రావాలి. దాదాపు 14 లక్షల మందికి వస్తుందని అంచనా. 2019లో శాసనసభ 'పూర్తిచేయడం' అన్న మాటకు అర్థం చెప్పింది: జరిమానాలు, కోర్టు ఖర్చులు కూడా కట్టి తీరాలట. ఎవరు ఎంత బాకీయో చెప్పే ఒకే పట్టిక ప్రభుత్వం దగ్గర లేదు. అయినా 2020లో అప్పీలు కోర్టు ఆ చట్టాన్నే నిలబెట్టింది. భాష చదువుకున్న మనం ఒక్క మాట చుట్టూ జరిగిన ఈ పెనుగులాటను గమనించాలి.

అదే 2020లో ఫ్లోరిడా ఓటర్లు ట్రంప్‌ను గెలిపిస్తూనే, 2026 నాటికి గంటకు 15 డాలర్ల వేతనాన్నీ గెలిపించారు. 60 శాతం గీతను కొద్దిలోనే దాటింది. బతుకు బాధ పార్టీ గుర్తు చూడదు కాబోలు.

ఈ పద్ధతి పేదల సొంతమేమీ కాదు. కాలిఫోర్నియాలో 2020లోనే టాక్సీ యాప్ కంపెనీలు, వాటి తోటివీ 20 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించి, తమ డ్రైవర్లు ఉద్యోగులు కారని ఓటర్ల చేతనే అనిపించుకున్నాయి.

మిస్సోరీలో 2024లో 57 శాతానికి పైగా ఓటర్లు 15 డాలర్ల వేతనాన్నీ, జీతంతో కూడిన అనారోగ్య సెలవునూ గెలిపించారు. కానీ అది రాజ్యాంగ సవరణ కాదు, మామూలు చట్టం. 2025లో శాసనసభ ఒక్క బిల్లుతో సెలవును రద్దుచేసింది; ధరలతోపాటు వేతనం ఏటా పెరగాలన్న నియమాన్నీ తీసేసింది.