సింగపూర్ - న్యూయార్క్ విమాన మార్గము

సింగపూర్ - న్యూయార్క్ విమాన మార్గము సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయమును అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని జాన్ ఎఫ్. కెన్నెడీ విమానాశ్రయముతో కలుపుతుంది. ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరము సుమారు 15,349 కి.మీ. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సంస్థ 2020 నవంబరు 9న ఈ మార్గములో ఎక్కడా ఆగకుండా వెళ్ళే విమానాలను ప్రారంభించినది. షెడ్యూలు ప్రకారము నడిచే ఇటువంటి ప్రయాణీకుల విమానాలలో అప్పటికి ప్రపంచములో అతి పొడవైన మార్గము ఇదే. ప్రయాణ కాలము సుమారు 18 గంటల 30 నిమిషాల నుండి 19 గంటల వరకు ఉంటుంది.

దూరము

చాంగీ విమానాశ్రయము 1.4 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 104 డిగ్రీల తూర్పు రేఖాంశముల వద్ద, కెన్నెడీ విమానాశ్రయము 40.6 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 73.8 డిగ్రీల పశ్చిమ రేఖాంశముల వద్ద ఉన్నాయి. రేఖాంశాల మధ్య తేడా దాదాపు 178 డిగ్రీలు. అనగా ఈ రెండూ ఉత్తర ధ్రువానికి ఇంచుమించు ఎదురెదురు దిశలలో ఉన్నాయి. కావున గోళముపై వీటి మధ్య అతి దగ్గరి దారి ధ్రువానికి సమీపముగా పోతుంది. చాంగీ నుండి ధ్రువానికి 88.6 డిగ్రీలు, అక్కడి నుండి న్యూయార్క్‌కు 49.4 డిగ్రీలు, మొత్తము 138 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున ఇది 15,346 కి.మీ. అవుతుంది. చదునైన పటములో గీసిన సరళరేఖ ఈ దారిని చూపదు.

ప్రయాణ కాలము

గంటకు 900 కి.మీ. వేగముతో ఈ దూరానికి 17 గంటలు చాలు. కాని విమానాలు ప్రతిదినము అతి దగ్గరి దారిలోనే వెళ్ళవు. ఆకాశములో ఎత్తున పడమర నుండి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు అనుకూలిస్తే, దూరము పెరిగినా పసిఫిక్ మహాసముద్రము మీదుగా న్యూయార్క్ చేరుట లాభము. షెడ్యూలు సమయములో రన్‌వే వరకు నేలపై నడిచే సమయము కూడా కలిసి ఉంటుంది.

సింగపూర్ కాలము న్యూయార్క్ కంటే శీతాకాలములో 13 గంటలు, వేసవిలో 12 గంటలు ముందుంటుంది. శీతాకాలములో మధ్యాహ్నము 12 గంటలకు సింగపూర్‌లో బయలుదేరిన విమానము 18 గంటల 50 నిమిషాలు ప్రయాణించినచో, న్యూయార్క్‌లో అదే రోజు సాయంత్రము 5:50కి దిగుతుంది.

చరిత్ర, ఇంధనము

2004 జూన్‌లో ఇదే సంస్థ న్యూయార్క్ పక్కనున్న న్యూఆర్క్ విమానాశ్రయానికి నాలుగు ఇంజన్ల ఎయిర్‌బస్ ఎ340-500 విమానాలను నడపడము మొదలుపెట్టినది. ఇంధన వ్యయము భారమగుటచే ఆ సర్వీసు 2013 నవంబరులో నిలిచిపోయినది. రెండు ఇంజన్ల ఎ350-900యుఎల్ఆర్ విమానాలతో 2018 అక్టోబరులో తిరిగి మొదలైనది.

ఈ విమానము 1,65,000 లీటర్ల ఇంధనమును మోయగలదు. దూరము పెరిగేకొద్దీ ఇంధనములో కొంత భాగము మిగిలిన ఇంధనపు బరువును మోయడానికే ఖర్చవుతుంది. అందువలన ఇందులో బిజినెస్ తరగతిలో 67, ప్రీమియం ఎకానమీ తరగతిలో 94, మొత్తము 161 సీట్లు మాత్రమే ఏర్పాటు చేశారు. సాధారణ ఎకానమీ తరగతి లేదు.