ఆకాశంలో లెక్క తేడా

గోదావరి గట్టున కూర్చుని రేడియో సిలోన్ విన్న తరం మనది. పాట దగ్గరై, దూరమై ఊగేది. ఆ పాటను మోసిందీ, ఊగించిందీ అయనావరణం. అంటే విద్యుదావేశం పొందిన పైవాయువు, ప్లాస్మా.

అక్కడ సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఎలక్ట్రాన్లు ధ్వనివేగాన్ని మించి ప్రవహిస్తే అలలు లేస్తాయని 1963లో ఫార్లే, బునెమన్ విడివిడిగా చెప్పారు. పెరూలోని హికమార్కా రాడార్‌కు అలలు కనబడ్డాయి. కాని వేగంలో తేడా! ప్రవాహంతోపాటు అలల వేగమూ పెరగాలని తొలి లెక్క. కనబడింది మాత్రం సెకనుకు సుమారు 350 మీటర్ల దగ్గర ఆగిన వేగం. ధ్రువకాంతులు వెలిగేచోట ప్రవాహం కిలోమీటరు దాటినా అలలు వెనకబడే ఉన్నాయి.

ఒక మార్చి ఆఖరున ఆరు రూపాయల తేడాకు రాత్రంతా కూర్చున్నాను. జేబులోంచి వేసేయమన్నారు తోటివారు. వేయలేదు; క్యాష్‌బుక్కు మళ్ళీ కూడాను. శాస్త్రజ్ఞులూ అంతే. పరిశీలనను దిద్దలేదు, పెరిగిన అలలు ఒకదాన్నొకటి నిలువరిస్తాయని, ఎలక్ట్రాన్లు వేడెక్కుతాయని లెక్కలో చేర్చారు.

తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెనాల మన రాడార్ కూడా అయనావరణపు అలజడులను కొలుస్తోంది. మనవలకు చూపించండి. తేడాను దాచకపోవడమే అక్కడా ఇక్కడా ఉద్యోగధర్మమని చెప్పండి.