గొలుసు నుండి మీటరు వరకు

కోనసీమలో కొత్తపేట మండలమందలి పలివెల కొప్పేశ్వరాలయమునకు ప్రసిద్ధి. ఆ ఊరిలో ఒక కొబ్బరితోట ఎంత అని అడిగినచో రైతు ఎకరాలలో, సెంట్లలో చెప్పును. గట్టు పొడవు అడిగినచో అడుగులలోనో, గజాలలోనో చెప్పును. పాత సర్వే పటములో లింకులు కనబడును. నేటి సర్వే యంత్రము మీటర్లు చూపును. ఒకే గట్టుకు ఇన్ని కొలతలు ఎట్లు వచ్చినవి? ఒకదానినుండి మరొకదానికి మార్చుట ఎట్లు?

పూర్వము మనవారు శరీరమునే కొలబద్దగా వాడుకొనిరి. రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. బట్టకు, త్రాటికి ఇది చాలును. కాని ఒకరి మూర మరొకరి మూర కాదు. భూమినైతే విత్తనమునుబట్టి కొలిచెడివారు. తూమెడు గింజలు చల్లదగినది తూమెడు నేల, పుట్టెడు చల్లదగినది పుట్టెడు నేల; ఇరువది తూములు ఒక పుట్టి. ఆంధ్రదేశపు దానశాసనములలో ఈ మాటలు తరచు కనిపించును. గడకర్రతో కొలుచుటయు కలదు. ఆ గడ పొడవు మాత్రము అన్నిచోట్ల ఒకటి కాదు.

19వ శతాబ్దపు ఉత్తరార్ధమున మదరాసు ప్రభుత్వము గ్రామములను సర్వే చేయించినప్పుడు ఇనుప గొలుసు మన పొలములకు వచ్చినది. దీనిని 1620 ప్రాంతమున ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ అను గణితవేత్త రూపొందించెను. దాని పొడవు 66 అడుగులు. అందు 100 లింకులు. 66 అను సంఖ్య వింతగా తోచవచ్చును. కిటుకంతయు అందులోనే ఉన్నది. పది చదరపు గొలుసులు సరిగా ఒక ఎకరము. అనగా ఎకరమునకు లక్ష చదరపు లింకులు, సెంటుకు వెయ్యి.

250 లింకుల పొడవు, 200 లింకుల వెడల్పు గల తోటను తీసికొనుడు. హెచ్చవేయగా 50,000. చివరి మూడు సున్నలు కొట్టివేసిన 50 సెంట్లు. అదే అడుగులతోనైతే 165ను 132తో హెచ్చవేసి, వచ్చినదానిని 435.6తో భాగింపవలెను. మన సెంటు ఈ గొలుసు బిడ్డయే. సెంటీమీటరుతో దానికి పేరులోని పోలికయే కాని పొత్తు లేదు.

మన దేశము 1956 నాటి చట్టముతో మెట్రిక్ పద్ధతిని స్వీకరించినది. 1959లో బ్రిటను, అమెరికా మొదలగు దేశములు గజము సరిగా 0.9144 మీటరని ఒప్పుకొన్నవి. దానినిబట్టి అంగుళము 2.54 సెంటీమీటర్లు, అడుగు 30.48 సెంటీమీటర్లు, గొలుసు 20.1168 మీటర్లు, సెంటు సుమారు 40.47 చదరపు మీటర్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. చాలామంది అడుగును 30 సెంటీమీటర్లుగా లెక్కింతురు. పొడవులో ఈ తప్పు నూటికి ఒకటిన్నర మాత్రమే. కాని వైశాల్యమునకు పొడవును, వెడల్పును హెచ్చవేయుదుము గనుక తప్పు ఇంచుమించు రెట్టింపై నూటికి మూడు దాటును. ఎకరం తోట మూడు సెంట్లకు పైగా తగ్గినట్లు కనబడును. 25 అడుగుల ఎడముతో నాటిన తోటలో అది రెండు కొబ్బరిచెట్ల చోటు!

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే ఆరంభమైనది. పాత పటములోని లింకులను కొత్త మీటర్లతో సరిచూచువారు లింకుకు 0.201168 మీటరు చొప్పున హెచ్చవేసి, దశాంశములను చివరనే కుదింపవలెను. గట్టు కదలకుండనే తోట తరిగినట్లు తోచినచో, ఇరుగుపొరుగుతో తగవునకు పోవుటకు ముందు లెక్కను మరల ఒకసారి వేసి చూచుకొనుట మేలు.