మట్టి ట్రాక్ కారు: మలుపు చివర పట్టు

మట్టి ట్రాక్ మీద రేసు కారు మలుపు నడిమికి వచ్చాక డ్రైవరు మళ్లీ యాక్సిలరేటర్ తొక్కడం మొదలుపెడతాడు. అక్కడి నుంచి కారు తిన్నని దారిలో పడేదాకా ఉన్న భాగం మలుపు చివరి దశ. ఇక్కడ అందుకున్న వేగం ముందున్న తిన్నని దారంతా కలిసొస్తుంది. కాబట్టి మెకానిక్కులు మలుపులో మిగతా భాగాల కంటే దీని మీదే ఎక్కువ సేపు కూర్చుంటారు.

ఈ దశలో వచ్చే చిక్కులు రెండు. వెనుక చక్రాలు బయటికి జారి, కారు తోక విసిరితే దాన్ని 'లూజ్' అంటారు. స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు తిరగకుండా కారు బయటి గోడ వైపు పోతే 'టైట్'. ర్యాలీల్లో తిరిగేవారు వీటినే ఓవర్‌స్టీర్, అండర్‌స్టీర్ అంటారు. మూలకారణం ఒకటే. టైరుకు ఉన్న పట్టు తలకు కప్పితే కాళ్లకు చాలని దుప్పటి లాంటిది. పక్కకు జారకుండా ఆపడానికీ, ముందుకు నెట్టడానికీ ఆ కాస్త పట్టునే పంచుకోవాలి. మట్టి మీద ఆ దుప్పటి మరీ చిన్నది.

ఈ విద్య బాగా ముదిరింది అమెరికాలో. ఒహాయో రాష్ట్రం రాస్‌బర్గ్‌లో 1954లో మొదలైన ఎల్డోరా స్పీడ్‌వే లాంటి కోడిగుడ్డు ఆకారపు ట్రాకుల మీద కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి. అక్కడి స్ప్రింట్ కార్లకు, లేట్ మోడల్ కార్లకు వెనుక ఇరుసులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. రెండు వెనుక చక్రాలూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. ట్రాక్టరు నడిపినవారికి దీని సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. బురద మడిలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతారు, బండి బయటపడుతుంది. ఆ లాక్ వదలకుండా గట్టు దగ్గర మలుపు తీసుకోబోతే ట్రాక్టరు తిరగదు, తిన్నగానే పోజూస్తుంది.

మరి లాక్ చేసిన ఇరుసుతో రేసు కారు ఎలా తిరుగుతుంది? జవాబు పాకాల జంక్షన్ ప్లాట్‌ఫారం మీద నిలబడితే కనిపిస్తుంది. తిరుపతి-కాట్పాడి దారిలో ధర్మవరం లైను వచ్చి కలిసే ఈ స్టేషన్లో వంపు తిరిగే ప్రతి బండికీ ఇదే చిక్కు ఉంది. రైలు చక్రాలు రెండూ ఇరుసుకు బిగించే ఉంటాయి. ఐతే చక్రం అంచు సమంగా ఉండదు, సుమారు 20కి 1 చొప్పున వాలుగా చెక్కి ఉంటుంది. వంపులో బండి కాస్త బయటికి జరగగానే బయటి చక్రం తన పెద్ద వ్యాసం మీద, లోపలి చక్రం చిన్న వ్యాసం మీద దొర్లుతాయి. ఒకే తిప్పుకు బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది. రేసు కారులో ఇదే పనికి కుడి వెనుక టైరు చుట్టుకొలతను ఎడమదాని కంటే పెద్దదిగా ఎంచుకుంటారు. ఆ తేడా పేరు 'స్టాగర్'.

లెక్క సులువే. మలుపు వ్యాసార్ధం 60 మీటర్లు, వెనుక చక్రాల మధ్య దూరం 1.65 మీటర్లు అనుకుందాం. బయటి చక్రం 60.825 మీటర్ల, లోపలిది 59.175 మీటర్ల వ్యాసార్ధంలో తిరగాలి. తేడా సుమారు 2.8 శాతం. టైరు చుట్టుకొలత 225 సెంటీమీటర్లయితే 6 సెంటీమీటర్లకు కాస్త పైచిలుకు స్టాగర్ కావాలి. చక్రాలు మట్టిలో జారుతూనే ఉంటాయి గనుక ఈ అంకెతో మొదలుపెట్టి, తర్వాత ట్రాక్ మీదే సరిచూసుకోవాలి. అసలు కిటుకు మలుపు చివర ఉంది. అక్కడ దారి విచ్చుకుని వ్యాసార్ధం పెరుగుతుంది, కావలసిన స్టాగర్ తగ్గుతుంది. రైలు చక్రం తనంతట తానే మధ్యకు సర్దుకుంటుంది, రబ్బరు టైరుకు ఆ వీలు లేదు. నడిమి మలుపుకు సరిపోయిన స్టాగర్ చివర ఎక్కువై కారును ఇంకా ఎడమకే తిప్పుతుంది, తోక జారుతుంది. చివర లూజ్‌గా ఉన్న కారుకు స్టాగర్ తగ్గించడం, టైట్‌గా ఉంటే పెంచడం అందుకే.

రెండో పనిముట్టు బరువు. నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి చూస్తారు. ఎడమ వెనుక చక్రం మీద 310 కిలోలు, కుడి వెనుక దాని మీద 270 ఉంటే తేడా 40 కిలోలు. దీన్ని 'బైట్' అంటారు. స్ప్రింగు మీది మర తిప్పి ఈ తేడా పెంచితే, గ్యాస్ ఇచ్చినప్పుడు ఎడమ చక్రం బలంగా నెట్టి కారు టైట్ వైపు జరుగుతుంది. ఎక్కువైతే ముక్కు తిరగదు.

షాకబ్జార్బర్ల వంతు ఆ తర్వాత. ముందువి త్వరగా సాగేలా ఉంటే గ్యాస్ ఇవ్వగానే ముక్కు లేచి, బరువు చప్పున వెనక్కి పోతుంది. వెనుక పట్టు దొరుకుతుంది గానీ ముందు చక్రాలు తేలికైపోతాయి. చివర టైట్‌గా పోయే కారుకు ముందు షాకబ్జార్బర్లు సాగే వేగాన్ని తగ్గించి చూడాలి.

వీటన్నిటి కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చిక్కు నిజంగా చివర్లోనే పుట్టిందా? చాలాసార్లు పుట్టదు. మలుపులోకి దిగేటప్పుడే కారు టైట్‌గా ఉంటుంది. ముక్కు తిరగడం లేదని డ్రైవరు స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పుతాడు. వేగం తగ్గి ముందు టైర్లకు ఒక్కసారిగా పట్టు దొరికేసరికి, అదే క్షణంలో గ్యాస్ కూడా పడి, తోక ఎగిరిపోతుంది. డ్రైవరు దిగి 'చివర్లో లూజ్' అంటాడు. ఆ మాట నమ్మి వెనుక పట్టు పెంచితే కారు మొదట్లో ఇంకా టైట్ అయి రోగం ముదురుతుంది. ఈ ఒక్క పొరపాటు వల్ల పాడయ్యే సాయంత్రాలు లెక్కలేనన్ని. మంచి మెకానిక్కు మలుపు మధ్యలో ముందు చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయో కళ్లారా చూశాకే స్పానర్ పట్టుకుంటాడు.

మన దేశపు మట్టి పోటీల్లో, అంటే ర్యాలీలు, ఆటోక్రాస్‌లలో, కథ వేరు. అక్కడ మలుపులు రెండు వైపులా ఉంటాయి. అందువల్ల స్టాగర్, ఎడమ బైట్ పనికిరావు. చాలా కార్లకు ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. మలుపు చివర లోపలి ముందు చక్రం తేలికై ఊరికే తిరుగుతుంది, కారు తిన్నగా దున్నుకుపోతుంది. దీనికి తిరుగుళ్లను అదుపు చేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేస్తారు. వెనుక స్ప్రింగులనో యాంటీ రోల్ బార్‌నో గట్టి చేస్తారు. వెనుక భాగం గట్టిపడితే లోపలి వెనుక చక్రం గాల్లోకి లేచినా ఫరవాలేదు, బరువు కావలసిన లోపలి ముందు చక్రం నేలను వదలదు.

చివరగా మట్టి. చిత్తూరు, తిరుపతి జిల్లాల ఎర్రనేలల్లో ఇసుక పాలు ఎక్కువ. ఎండితే గట్టి నేల మీద సన్న గరుసు తేలి, గింజల మీద నడిచినట్టు టైరు జారుతుంది. అమెరికా ట్రాకుల బంకమట్టి తడిగా ఉన్నప్పుడు టైరును అంటిపెట్టుకుంటుంది, రాత్రి గడిచేకొద్దీ ఎండి నున్నబడుతుంది. అక్కడ సాయంత్రం సరిపోయిన స్టాగర్, బైట్ ఫైనల్ రేసు సమయానికి సరిపోవు. ఆ వేళకు లేచిన మట్టి బయటి అంచున గట్టులా పేరుకుంటుంది. కొందరు డ్రైవర్లు నున్నటి లోపలి దారి వదిలేసి, కుడి వెనుక టైరును ఆ గట్టుకు ఆనించి బయటికి దూసుకుపోతారు.