తెలుగు, ఉర్దూ స్లైడ్లకు ఏ సాఫ్ట్‌వేర్ నయం?

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో సెమినార్ అంటే పీపీటీయే. 1987లో వచ్చిన పవర్‌పాయింట్ పేరే ఆ పనికి పేరైపోయింది. పూర్తి వెర్షన్‌కు డబ్బు కట్టాలి, వెబ్‌లో మాత్రం ఉచితం. గూగుల్ స్లైడ్స్ ఫోన్లోనూ నడుస్తుంది, గ్రూప్ ప్రాజెక్టులో నలుగురూ ఒకేసారి దిద్దుకోవచ్చు. నెట్ లేని ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే లిబ్రేఆఫీస్ ఇంప్రెస్ చాలు, పైసా ఖర్చు లేదు. కాన్వా అందానికే; నచ్చిన బొమ్మకే డబ్బడుగుతుంది!

అసలు తంటా అక్షరాలతోనే. ఇంట్లో ముచ్చటగా చేసుకున్న తెలుగు స్లైడు, కాలేజీ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే చెదిరిపోతుంది. మార్కులు పోయేది అక్కడే. విండోస్ పవర్‌పాయింట్లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంటును ఫైల్లోనే కలిపేయొచ్చు. కొన్ని ఫాంట్లు అందుకు ఒప్పుకోవు. అప్పుడు పీడీఎఫ్ చేసుకోవాలి, యానిమేషన్లు మాత్రం పోతాయి.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు, విజయనగరంలో బతికిన గురజాడ పేర్లతోనూ ఫాంట్లున్నాయి. ఉర్దూకి నోటో నస్తలీక్ ఉర్దూ ఉంది. దాని గీతలు పైకీ కిందికీ సాగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం పెంచాలి. పేరాను కుడి నుంచి ఎడమకు మార్చకపోతే వాక్యం చివరి గుర్తు తప్పు వైపుకి పోతుంది.