ప్రతిధ్వనికొక ప్రత్యేక మార్గము

విజయవాడ కెదుట, కృష్ణకు ఆవలి గట్టున ఉండవల్లి గుహలు కలవు. కొండను తొలిచి చేసిన ఆ నాలుగంతస్తుల గుహాలయములో నిలిచి పిలిచినచో మన కంఠము మరల మనలనే చేరును. శిల్పి కోరి కల్పించెనో లేదో కాని, ఆ ప్రతిధ్వనిని హెచ్చింప, తగ్గింప మనకు అధికారము లేదు. ఆ అధికారము మానవునకు ఎట్లు చిక్కినదో నేడు మనవి చేసెదను.

మన విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను. ఇట్టి కేంద్రములందు స్టూడియో గోడలను ధ్వనిని మ్రింగునట్లు కట్టుదురు. పలుకు స్పష్టమగును, పాట మాత్రము ఎండిపోయినట్లు తోచును. ఆ లోటు తీర్చుటకే ప్రతిధ్వనిశాల పుట్టినది. వట్టి గదిలో ఒక లౌడుస్పీకరు, ఒక మైక్రోఫోను ఉంచి, గాయకుని స్వరములో కొంత అచటికి పంపి, మ్రోగినదానిని తిరిగి తెచ్చి అసలు స్వరముతో కలుపుదురు. 1947లో చికాగో నగరమున బిల్ పుట్నమ్ అను ఇంజనీరు, హార్మోనికాట్స్ బృందమువారి వాద్యగీతమునకు స్నానపు గదినే ఇట్లు వాడెను. నవ్వవలదు, ఆ రికార్డు విశేషముగా అమ్ముడుపోయినది.

1957లో జర్మనీనుండి వచ్చిన ఇ.ఎం.టి. 140లో, చట్రమున వ్రేలాడదీసిన ఉక్కురేకు గదికి బదులు కంపించెను. 1976నాటి ఇ.ఎం.టి. 250 అంకెల లెక్కతోనే ప్రతిధ్వనిని పుట్టించెను. ఇవి మిక్కిలి వెలగల యంత్రములు. గొంతునకొకటి కొనుట ఎవరి తరము? కనుక మిక్సింగు బల్లపై ప్రతి చానెలునకు సెండ్ అను మీట పెట్టి, అందరి స్వరములను ఒకే యంత్రమునకు నడిపిరి. బందరు కాలువకు తూము పెట్టినట్లే యనుకొనుడు. అయితే ఇచట కాలువలో నీరు తరుగదు; పోవునది ప్రతిరూపము మాత్రమే.

నేడు కంప్యూటరులో గదియు లేదు, రేకును లేదు. ప్రతిధ్వనులు ఎన్నియైన దొరకును. అదియే నా కొంప ముంచినది. ఒక పల్లెలో రికార్డు చేసిన బుర్రకథను మిక్సు చేయుచు, కథకునికి, ఇరువురు వంతలకు, తంబురకు, డక్కీలకు వేరువేరు రెవర్బులు తగిలించితిని. ముగ్గురు మూడు గదులలో పాడినట్లుండెను, ఒత్తక్షరములన్నియు కరగిపోయినవి. మా అమ్మమ్మ విని, “పాట బాగానే ఉంది గాని, కథేమిటిరా?” అనెను.

అన్నియు తీసివేసి, ఒక ఆక్సిలరీ చానెలు తెరచి, దానిపై ఒకే రెవర్బు ఉంచితిని. అందు ప్రతిధ్వని నూటికి నూరు, అసలు స్వరము సున్న. లేనిచో కంఠమే రెండుమార్లు చేరి బరువగును. వంతలనుండి హెచ్చుగా, కథకునినుండి కొద్దిగా, డక్కీలనుండి నామమాత్రముగా పంపితిని. సెండును ఫేడరు తరువాతనే తీసితిని. అపుడు కంఠము తగ్గించినచో దాని నీడయు తగ్గును. ముందు తీసినచో కంఠము ఆగినను ప్రతిధ్వని మిగులును. దయ్యముల నాటకమునకు అది బాగుండును. తిరిగివచ్చు చానెలులో మంద్రధ్వనులను కొంత కోసివేయగా అక్షరములు తేరుకొన్నవి.

మరల అమ్మమ్మకు వినిపించితిని. ఈమారు ధ్వనిని గూర్చి ఆమె ఏమియు అనలేదు. కథలో ఒక పేరు తప్పు చెప్పినాడని కథకుని తిట్టినది.